ఈఆర్‌పీ ఎవరి చేతిలో ఫలిస్తుంది? వ్యవస్థాపక దృక్పథం, సమగ్ర సాఫ్ట్‌వేర్, సంస్థ పనితీరు

సభాధ్యక్షులకు, వేదిక మీద ఉన్న పెద్దలకు, పనిరోజు అయినా తీరిక చేసుకుని వచ్చిన చిన్న, మధ్యతరహా పరిశ్రమల యజమానులకు, వాణిజ్య శాస్త్ర విద్యార్థులకు నమస్కారం.

నాకు అప్పగించిన అంశంలో రెండు సంగతులు ఉన్నాయి. ఒకటి, వ్యాపారం చేసే మనిషి దృక్పథం: కొత్తదాన్ని ప్రయత్నించే చొరవ, నష్టానికి సిద్ధపడే తెగువ, పోటీదారుకన్నా ముందు కదిలే తత్వం. రెండోది, మనమందరం ఈఆర్‌పీ అని పిలుచుకునే సాఫ్ట్‌వేర్: కొనుగోళ్లు, స్టోర్స్, ఉత్పత్తి, అమ్మకాలు, జీతాలు, ఖాతాలు అన్నిటినీ ఒకే డేటాబేస్ మీద నడిపే వ్యవస్థ. ఈ రెంటి వల్లా సంస్థ పనితీరు మెరుగుపడుతుందని సాధారణంగా చెబుతారు. నేను చెప్పదలచుకున్నది కాస్త వేరు. యజమాని దృక్పథం ఎంత గట్టిదైనా అది బజారు వైపే చూస్తూ ఉండిపోతే ఈఆర్‌పీ మీద పెట్టిన డబ్బు తిరిగి రాదు. అదే దృక్పథం లోపలికి తిరిగి, సంస్థ అలవాట్లనూ తన చేతిలోని పెత్తనాన్నీ మార్చుకోవడానికి సిద్ధపడినప్పుడే ఆ ఖర్చుకు ఫలితం కనిపిస్తుంది.

ముందుగా దృక్పథం సంగతి. వ్యవస్థాపకత అంటే ఒక మనిషి స్వభావం అని అనుకుంటున్న కాలంలో, 1983లో కెనడా పరిశోధకుడు డానీ మిల్లర్ దాన్ని సంస్థ లక్షణంగా చూడాలని ప్రతిపాదించారు. కొత్తదనం, సాహసం, ముందుచూపుతో కదలడం అనే మూడు గుణాలు కలిసి ఉన్న సంస్థనే వ్యవస్థాపక సంస్థ అనాలన్నారు. 1989లో జెఫ్రీ కోవిన్, డెన్నిస్ స్లెవిన్ 161 చిన్న ఉత్పత్తి సంస్థలను పరిశీలించి ఒక విలువైన విషయం చెప్పారు. పోటీ తీవ్రంగా ఉండి, బజారు అనుకూలించని పరిస్థితుల్లో సాహస దృక్పథమున్న సంస్థలు మెరుగ్గా నిలబడ్డాయి. బజారు సౌమ్యంగా ఉన్నచోట ఆచితూచి నడిచే సంస్థలే బాగున్నాయి. 2009లో ఆండ్రియాస్ రౌచ్, ఆయన సహపరిశోధకులు 51 అధ్యయనాలను కలిపి లెక్క కట్టినప్పుడు ఈ దృక్పథానికీ సంస్థ పనితీరుకూ మధ్య సహసంబంధ గుణకం 0.24 దగ్గర తేలింది; ఇందులో సున్నా అంటే సంబంధం లేనట్టు, ఒకటి అంటే పూర్తిగా ఉన్నట్టు. విద్యార్థులు ఈ అంకెను జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. సంబంధం నిజంగా ఉంది, కొట్టిపారేయదగ్గది కాదు. అయితే దృక్పథం ఉంటే చాలు, పనితీరు దానంతట అదే వస్తుందని చెప్పేంత గట్టిదీ కాదు. మధ్యలో మరేదో పనిచేస్తోంది.

మన హైదరాబాదు నుంచే ఒక ఉదాహరణ చెబుతాను. 1984లో అంజిరెడ్డి గారు డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్‌ను స్థాపించారు. ఇతరులు కనిపెట్టిన మందులను చౌకగా తయారు చేసి అమ్మడమే మన ఔషధ పరిశ్రమ దారిగా ఉన్న రోజుల్లో, 1990ల ఆరంభంలోనే కొత్త మందుల పరిశోధనకు పూనుకున్నారు. 1997లో తమ ప్రయోగశాలలో పుట్టిన ఒక మధుమేహ ఔషధ అణువును డెన్మార్క్ సంస్థ నోవో నార్డిస్క్‌కు లైసెన్సు ఇచ్చారు. 2001లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్చేంజిలో కంపెనీ నమోదైంది. అదే సంవత్సరం మానసిక కుంగుబాటుకు వాడే ఫ్లూఆక్సెటిన్ 40 మిల్లీగ్రాముల క్యాప్సూల్‌ను 180 రోజుల పాటు పోటీ లేకుండా అమెరికాలో అమ్ముకునే హక్కు వచ్చింది. మిల్లర్ చెప్పిన మూడు గుణాలూ ఇందులో ఉన్నాయి. 2006లో జర్మనీలోని బీటాఫార్మ్ కంపెనీని సుమారు 48 కోట్ల యూరోలకు కొనడమూ అదే దృక్పథం నుంచి వచ్చిన నిర్ణయమే. తరువాత అక్కడి ఆరోగ్య బీమా సంస్థలు టెండర్ల పద్ధతిలో మందులు కొనడం మొదలుపెట్టడంతో ధరలు పడిపోయి, ఆ కొనుగోలు విలువలో పెద్ద మొత్తాన్ని పుస్తకాల్లో తగ్గించుకోవలసి వచ్చింది. అయినా సంస్థ నిలబడింది. నిలబడటానికి తెగువ ఒక్కటే చాలదు. తయారీ, నాణ్యత, నిల్వలు, లెక్కలు అన్న రోజువారీ యంత్రాంగం గట్టిగా ఉండాలి.

ఇక ఈఆర్‌పీ. 1960లలో అమెరికా కర్మాగారాల్లో ముడిసరుకు ఎప్పుడు ఎంత కావాలో లెక్కగట్టే పద్ధతిగా దీని మూలాలు మొదలయ్యాయి. 1972లో ఐబీఎం నుంచి బయటికొచ్చిన ఐదుగురు ఇంజనీర్లు జర్మనీలో ఎస్‌ఏపీ కంపెనీని పెట్టారు. ఐసీఐ కంపెనీకి చెందిన ఒక నైలాన్ కర్మాగారం వారి తొలి ఖాతాదారు. ఈఆర్‌పీ అన్న పేరును 1990లో సాంకేతిక రంగ పరిశోధన సంస్థ గార్ట్‌నర్ వాడుకలోకి తెచ్చింది. 1992లో వచ్చిన ఎస్‌ఏపీ ఆర్/3తో అది ప్రపంచమంతటా పాకింది. చరిత్ర ఇంతకుమించి మనకు అవసరం లేదు. అది లోపల ఏం చేస్తుందన్నదే ముఖ్యం, అందుకని ఒకే ఒక్క చర్యను దగ్గరగా చూద్దాం.

కర్మాగారం గేటు దగ్గరకు స్టీలు రాడ్ల లారీ వచ్చింది. స్టోర్స్ గుమాస్తా తూకం చూసి, పర్చేజ్ ఆర్డర్ నంబరు మీద జీఆర్‌ఎన్, అంటే సరుకు అందినట్టు రాసే పత్రం, వేశాడు. పాత పద్ధతిలో అయితే ఆ కాగితం మూడు కాపీలుగా చీలి, ఒకటి స్టోర్స్ ఫైలులో, ఒకటి కొనుగోళ్ల విభాగంలో, మరొకటి అకౌంట్స్ బల్ల మీద వారం తరువాత తేలేది. ఈఆర్‌పీలో ఆ ఒక్క ఎంట్రీతో స్టాకు పెరుగుతుంది. ఆర్డరులో ఇంకా రావలసింది తగ్గుతుంది. నాణ్యత తనిఖీకి ఒక లాటు సిద్ధమవుతుంది. సప్లయరుకు మనం బాకీ పడ్డామన్న సంగతి ఖాతాల్లోకి చేరుతుంది. రేపటి షిఫ్టుకు సరుకు సరిపోతుందో లేదో ప్రొడక్షన్ మేనేజరుకు తెలుస్తుంది. బిల్లు వచ్చాక ఆర్డరు ధర, దిగిన సరుకు, బిల్లు మొత్తం మూడూ సరిపోతేనే చెల్లింపు కదులుతుంది. ఇందులో మాయ ఏమీ లేదు. కానీ ఒక పరిణామం ఉంది. ఇంతకుముందు ఈ సమాచారం అంతా ఎవరి బుర్రలో ఉండేదో, ఆ మనిషి మీద సంస్థ ఆధారపడటం తగ్గుతుంది. చాలా సంస్థల్లో ఆ మనిషి యజమానే.

ఇక్కడ ఒక వైరుధ్యం ఉంది, దీని గురించి మనం తగినంత మాట్లాడుకోము. కోవిన్, స్లెవిన్ అధ్యయనంలోనే కనిపించేదేమిటంటే, బజారు అనుకూలించని చోట సాహస దృక్పథంతోపాటు సడలింపు ఉన్న అమరిక కూడా సంస్థలకు బాగా నప్పింది. అక్కడ పని నోటిమాట మీద నడుస్తుంది. పెద్ద ఆర్డరు వస్తే యజమాని ఫోరుమన్‌ను పిలిచి, ఆ లాటు పక్కన పెట్టు, ముందు ఇది ఎక్కించు అంటాడు, పని అయిపోతుంది. ఈఆర్‌పీ నోటిమాట వినదు. దానికి ఆర్డరు కావాలి, ఆమోదం కావాలి, వరుస కావాలి. ఏ చురుకుదనం వల్ల ఆ సంస్థ ఎదిగిందో దానికే ఈ సాఫ్ట్‌వేర్ కళ్లెం వేస్తుందన్న భయం యజమానులకు సహజం. ఆ భయాన్ని నేను తేలికగా తీసుకోను. కానీ నోటిమాట వినగలిగేది ఆ గొంతు చేరినంత దూరమే. రెండో షెడ్డు, మూడో ఊరు వచ్చేసరికి అదే పద్ధతి సంస్థ ఎదుగుదలకు హద్దు అవుతుంది.

ప్రపంచ అనుభవంలోంచి ఈ వైరుధ్యాన్ని పరిష్కరించుకున్న ఒక కంపెనీని, పరిష్కరించుకోలేని మరొక కంపెనీని చూద్దాం. అమెరికాలో నెట్‌వర్క్ పరికరాలు తయారు చేసే సిస్కో 1990ల మొదట్లో అతి వేగంగా పెరుగుతున్న కంపెనీ. దాని పాత సాఫ్ట్‌వేర్ ఆ వేగానికి తాళలేకపోయింది. 1994 జనవరిలో డేటాబేస్ చెడిపోయి కంపెనీ దాదాపు రెండు రోజులు స్తంభించింది. అప్పటిదాకా ఏ విభాగానికి ఆ విభాగమే తన సాఫ్ట్‌వేర్ చూసుకోవాలన్న ఆలోచనలో ఉన్న యాజమాన్యం ఒరాకిల్ ఈఆర్‌పీని తొమ్మిది నెలల్లో, కోటిన్నర డాలర్లతో పూర్తి చేయాలని నిర్ణయించింది. ఈ పనికి విభాగాల నుంచి మనుషులను తీసుకున్న తీరు గమనించదగ్గది: ఖాళీగా ఉన్నవారిని కాకుండా, ఏ విభాగం ఎవరిని వదులుకోవడానికి ఒప్పుకోదో వారినే అడిగారు. 1995 జనవరి చివరలో వ్యవస్థ మొదలైంది. మొదటి రెండు నెలలూ కష్టంగా గడిచాయి. సర్వర్లు తరచుగా ఆగిపోయేవి. సకాలంలో సరుకు పంపడం 95 శాతం నుంచి 75 శాతం దాకా పడిపోయింది. అయినా వెనక్కి పోలేదు, కొద్ది నెలల్లో నిలదొక్కుకున్నారు. పనితీరు ముందు పడి తరువాత లేస్తుందని తెలిసి, ఆ పతనాన్ని భరించడం కూడా ఒక రకం తెగువే. బజారులో చూపే తెగువ అందరికీ కనబడుతుంది. ఈ రకం బయటివారికి కనబడదు.

లిడిల్ కథ దీనికి ఎదురుగా నిలుస్తుంది. జర్మనీకి చెందిన ఈ చౌకధరల దుకాణాల గొలుసు యూరప్ అంతటా విస్తరించిన తీరు చూస్తే వ్యవస్థాపక దృక్పథం లేదని ఎవరూ అనలేరు. 2011లో ఎస్‌ఏపీ మీద తన కొత్త వ్యవస్థకు శ్రీకారం చుట్టి, 2018లో ఆ పని ఆపేసింది. ఖర్చు 50 కోట్ల యూరోల వరకు అయిందని పత్రికలు రాశాయి. వారు చెప్పిన కారణాల్లో ఒకటి వింటే ఆశ్చర్యం కలుగుతుంది. లిడిల్ తన సరుకు నిల్వను కొనుగోలు ధర మీద లెక్కగట్టేది. ఆ సాఫ్ట్‌వేర్ తయారైన తీరులో అమ్మకపు ధర ఆధారం. తన పద్ధతి మార్చుకోవడం ఇష్టం లేక లిడిల్ సాఫ్ట్‌వేర్‌నే మార్పించుకుంటూ పోయింది. మార్పు మీద మార్పు పేరుకుని ఖర్చు పెరిగింది, వ్యవస్థ బరువెక్కింది. కొత్త దేశంలో దుకాణం తెరవడానికి వెనకాడని సంస్థ నిల్వల లెక్క మార్చుకోవడానికి వెనకాడింది. దృక్పథం బయటికి చూడటం, లోపలికి చూడటం అని నేను మొదట అన్నది ఈ తేడా గురించే.

హెర్షీ చాక్లెట్ కంపెనీ ఉదంతాన్ని మేనేజ్‌మెంట్ విద్యార్థులు చదివే ఉంటారు. పాత కంప్యూటర్లు 2000 తేదీలను తప్పుగా చదువుతాయన్న సమస్య ముంచుకొస్తోందని, నాలుగేళ్ల పనిని 30 నెలలకు కుదించి, 11.2 కోట్ల డాలర్ల వ్యవస్థను 1999 జూలైలో, హాలోవీన్ ఆర్డర్లు వచ్చే వేళ మొదలుపెట్టారు. దాదాపు 10 కోట్ల డాలర్ల ఆర్డర్లు పంపలేకపోయారు, ఆ త్రైమాసికంలో లాభం 19 శాతం పడిపోయింది. సరుకు లేక కాదు. రద్దీ కాలంలో చాక్లెట్లను తాత్కాలికంగా ఎక్కడెక్కడ పెడతారో అక్కడి మనుషులకు తెలుసు, ఆ చోట్లన్నీ కంప్యూటరులోకి ఎక్కలేదని అప్పట్లో విశ్లేషకులు రాశారు. సరుకు గోడౌనులో ఉన్నా, వ్యవస్థకు తెలియకపోతే లేనట్లే.

ఇదే సమస్య మన దగ్గర ఏ రూపంలో వస్తుందో చెబుతాను. గోదావరి జిల్లాల్లోనైనా, నల్లగొండ, నిజామాబాదుల్లోనైనా ఒక రైసు మిల్లును తీసుకోండి. చాలా ఈఆర్‌పీ ప్యాకేజీల్లోని ఉత్పత్తి విభాగం పది విడిభాగాలు కలిపితే ఒక వస్తువు తయారవుతుందన్న ఆలోచన మీద కట్టింది. మిల్లులో జరిగేది దానికి తలకిందులు. ఒక ధాన్యం లోపలికి పోతుంది. బియ్యం, నూకలు, తవుడు, ఊక బయటికి వస్తాయి. తవుడుకు ఆయిల్ మిల్లుల దగ్గర ఒక ధర, ఊకకు బాయిలర్ల దగ్గర ఒక ధర. ప్రభుత్వానికి మర ఆడించి ఇచ్చే ధాన్యంలో క్వింటాలుకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, బాయిల్డ్ అయితే 68 కిలోలు ఇవ్వాలన్నది లెక్క. కానీ లోడు దిగినప్పుడు తేమ ఎంత, తాలు ఎంత, ఆరబోతలో తరుగు ఎంత అన్నదాని మీద మిల్లరుకు మిగిలేదీ పోయేదీ తేలుతుంది. అనుభవమున్న మిల్లరు గింజను చేతిలో నలిపి, పంటి కింద కొరికి ఇది ఇంత ఆడుతుందని చెప్పగలడు. ఆ నేర్పు గొప్పది, దాన్ని ఎవరూ చిన్నచూపు చూడకూడదు. అయితే ఆ అంచనాను లాటు వారీగా రాసి, ఆడిన తరువాత వచ్చిన దిగుబడితో పోల్చినప్పుడే, ఏ ఊరి ధాన్యంలో నూక ఎక్కువ పోతోంది, ఏ యంత్రం రబ్బరు రోలర్లు మార్చవలసి ఉంది, ఏ కాటా దగ్గర తేడా వస్తోంది అన్నవి బయటపడతాయి. బయటపడటం అందరికీ నచ్చదు. కొన్నిసార్లు యజమానికే నచ్చదు. నేను చూసిన మిల్లుల్లో సాఫ్ట్‌వేర్ ఆగిపోయినచోట, సాంకేతిక కారణాలకన్నా ఈ ఇష్టంలేకపోవడమే ఎక్కువగా కనిపించింది.

ఈ విషయంలో మన దేశంలోనే జరిగిన ఒక ప్రయోగం నాకు చాలా విలువైనదిగా తోస్తుంది. నికొలస్ బ్లూమ్, ఆయన బృందం ముంబయి పరిసరాల్లోని 17 నేత కంపెనీలకు చెందిన 28 మిల్లులను తీసుకుని, కొన్నిటికి ఉచితంగా యాజమాన్య సలహాదారులను పంపించి, మిగతావాటితో పోల్చి చూసింది. నూలు నిల్వను వరుసగా పేర్చడం, మగ్గం ఆగిన ప్రతిసారీ కారణం రాయడం, నాణ్యతా లోపాలను రోజూ కూర్చుని చర్చించడం వంటి 38 మామూలు పద్ధతులు అవి. 2013లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, తొలి ఏడాదిలో ఉత్పాదకత 17 శాతం పెరిగింది. నాకు ఆ అంకెకన్నా దాని పక్కన ఉన్న పరిశీలన ముఖ్యంగా తోచింది: సమాచారం సరిగా అందడం మొదలయ్యాక యజమానులు కింది మేనేజర్లకు ఎక్కువ నిర్ణయాలు అప్పగించారు, కంప్యూటర్ల వాడకమూ పెరిగింది. అంతకుముందు ఆ కంపెనీల పరిమాణాన్ని చాలావరకు నిర్ణయించింది కుటుంబంలో ఎంతమంది మగవారు ఉన్నారన్నదే, ఎందుకంటే బయటివారిని నమ్మి పని అప్పగించలేదు. ఎనిమిదేళ్లకు పైగా గడిచాక అదే బృందం తిరిగి వెళ్లి చూస్తే, నేర్చుకున్న పద్ధతుల్లో సుమారు సగం వదిలేసి ఉన్నారు. మిల్లు మేనేజరు మారడం, డైరెక్టర్లకు తీరిక లేకపోవడం ముఖ్య కారణాలు. అయినా మిగతా మిల్లులకన్నా వారు స్పష్టంగా ముందే ఉన్నారు.

తెలుగు రాష్ట్రాల్లో చిన్న వ్యాపారాలు సాఫ్ట్‌వేర్‌ను చేరిన దారి దీనికి భిన్నం. లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ టాలీ చాలా ఏళ్లుగా మన అకౌంటెంట్ల చేతిలో ఉంది. టాలీలో ఎక్కించడం అన్నది వాడుక మాటే అయింది. 2017 జూలై 1న జీఎస్టీ, 2018 ఏప్రిల్‌లో సరుకు రవాణాకు ఈ-వే బిల్లు, 2023 ఆగస్టు నుంచి 5 కోట్లు దాటిన టర్నోవరుకు ఈ-ఇన్వాయిస్ వచ్చాయి. చట్టం అడిగింది కాబట్టి బిల్లింగు కంప్యూటరులోకి వచ్చింది. చట్టం ఎక్కడ ఆగిందో చాలామంది అక్కడే ఆగారు. అమ్మకం బిల్లు పక్కాగా ఉంటుంది. స్టోర్స్‌లో ఏముందో మాత్రం చిట్టా పుస్తకంలోనే ఉంటుంది, లేదా మైనస్ స్టాకు చూపిస్తూ ఉంటుంది. సరుకు రాక ఎక్కించక ముందే పోక ఎక్కిస్తే వచ్చేది ఆ మైనస్. దానితో ఖర్చు లెక్క తప్పుతుంది, దాని మీద వేసిన ధర తప్పుతుంది. పన్ను అధికారి కోసం నింపిన అంకెలు, యజమాని నిర్ణయం కోసం నింపిన అంకెలు ఒకటే కావలసిన అవసరం ఉంది. రెండు పుస్తకాలు నడిపే సంస్థలో ఏ ఈఆర్‌పీ నిలవదని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే అక్కడ అసలు లెక్క మళ్లీ ఒకరి బుర్రలోకే చేరుతుంది.

ఇంకొక మాట కూడా చెప్పాలి. హైదరాబాదు అమీర్‌పేట శిక్షణ సంస్థల్లో ఎఫ్‌ఐసీఓ, ఎంఎం, ఎస్‌డీ అనే ఖాతాలు, సరుకులు, అమ్మకాల ఎస్‌ఏపీ మాడ్యూళ్లు నేర్చుకున్న మన పిల్లలు అమెరికాలో, జర్మనీలో, గల్ఫ్‌లో పెద్ద కంపెనీల వ్యవస్థలను నడుపుతున్నారు. ఆ నైపుణ్యం కొద్ది కిలోమీటర్ల దూరంలోని బాలానగర్, జీడిమెట్ల పారిశ్రామికవాడల షెడ్లకు అందకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. పెద్ద ప్యాకేజీ ఖరీదు ఒక అడ్డంకి, నిజమే. కానీ ఈఆర్‌పీ నెక్స్ట్ వంటి ఓపెన్ సోర్స్ వ్యవస్థ భారతదేశంలోనే తయారైంది, లైసెన్సు రుసుము లేకుండా దొరుకుతుంది. దాన్ని నిలబెట్టడానికి కావలసింది మాడ్యూలు తెలిసిన కుర్రవాడు, పని తెలిసిన ఫోరుమన్ ఒకే బల్ల దగ్గర కొన్ని నెలలు కూర్చోవడం. అలా కూర్చోబెట్టగలిగేది యజమాని ఒక్కడే. తన దగ్గర పనిచేసేవారిలో అందరికన్నా సమర్థుడిని ఉత్పత్తి నుంచి తప్పించి ఈ పనికి ఇవ్వడానికి ఆయన సిద్ధపడాలి. సిస్కో చేసినది అదే.

విద్యార్థులు తమ ప్రాజెక్టుల్లో ఈఆర్‌పీ ప్రభావాన్ని కొలవాలని వచ్చి అడుగుతుంటారు. సంతృప్తి ఎంత అని ఐదు పాయింట్ల ప్రశ్నావళి పంచి, యజమానే తన దృక్పథానికీ తన సంస్థ పనితీరుకూ మార్కులు వేసుకునే అధ్యయనాలు ఇప్పటికే చాలా ఉన్నాయి. ఒకే మనిషి రెండు వైపులా మార్కులు వేస్తే ఆ రెంటి మధ్యా సంబంధం తేలడంలో వింత లేదు. దానికన్నా సంస్థ పుస్తకాల్లోనే ఉన్న అంకెలను తీసుకోండి: నిల్వ ఎన్ని రోజుల అమ్మకానికి సమానంగా ఉంది, చెప్పిన తేదీకి వెళ్లిన ఆర్డర్లు ఎన్ని, బాకీ వసూలుకు ఎన్ని రోజులు పడుతోంది, నెల ముగిశాక లెక్కలు తేలడానికి ఎంత సమయం పడుతోంది. వాటితోపాటు మరొకటి రాసుకోండి: యజమాని సంతకం లేకుండా ఎంత మొత్తం వరకు కొనుగోలు జరుగుతోంది, ఆ పరిమితి ఏడాదిలో ఎంత మారింది. పెత్తనం చేతులు మారిందో లేదో చూపే అంకె నాకు తెలిసినంతలో అదే.

ఇక్కడ ఉన్న యజమానుల్లో ఈ సంవత్సరం సాఫ్ట్‌వేర్ కొనాలని అనుకుంటున్నవారు, అమ్మేవారిని పిలవడానికి ముందే గడిచిన పన్నెండు నెలలకు ఈ అంకెలు తీసి పెట్టుకోండి. సీజను మధ్యలో మొదలుపెట్టకండి. రైసు మిల్లయితే కోతలకు ముందు, జిన్నింగు మిల్లయితే పత్తి రాక ముందు కనీసం రెండు నెలలు వ్యవస్థ నడిచి ఉండాలి. మొదటి మూడు నెలల అంకెలు పడిపోతే కంగారు పడి పాత చిట్టాకు తిరిగి పోకండి. సరిగ్గా ఏడాది నిండాక, అవే నెలలకు అవే అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. ప్రశ్నలు ఉన్నవారు అడగవచ్చు.